మెడ బిగుస్తే వెంటనే చెప్పమన్నారు

నాకు ఏదో తేడాగా ఉందని మొదట తెలిసింది పంటి డాక్టరు కుర్చీలో. కిందటేడు వేసవిలో దవడ పన్ను ఒకటి పుచ్చిపోతే నిజాంపేటలో మా ఇంటి దగ్గరున్న క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు కుర్చీని వెనక్కి వాల్చి లైటు వేశాడు. నా తల పూర్తిగా వాలిందో లేదో, మెడ మీద ఎవరో చెయ్యేసి అదిమినట్టు గాలి ఆగిపోయింది. ఆయన చెయ్యి తోసేసి లేచి కూర్చున్నాను. కూర్చోగానే ఊపిరి మామూలుగా ఆడింది.

"భయపడ్డారా మేడమ్? ఇంకా ఇంజక్షన్ కూడా ఇవ్వలేదు" అని నవ్వాడు. తర్వాత నా మెడ వైపు చూసి నవ్వడం మానేశాడు. "ఈ వాపు ఎన్నాళ్ల నుంచి ఉందండీ?"

వాపు ఉందని నాకు తెలియకపోలేదు. ఆరేడేళ్లుగా మెల్లగా పెరుగుతోంది. ఒళ్లు వచ్చింది, అందుకే మెడ లావెక్కింది అనుకున్నాను. ఒక దిండు చాలేది రెండయ్యాయి, రెండు మూడయ్యాయి. గురక ఎక్కువైందని మావారు విసుక్కునేవారు. నేను ఏసీ గాలి పడట్లేదనేదాన్ని. పన్ను సంగతి పక్కన పెట్టి, ముందు మెడ చూపించుకోమని ఆ డాక్టరు చీటీ రాసిచ్చాడు.

నా పేరు పద్మజ. నలభై మూడేళ్లు. మాది భీమవరం దగ్గర ఊరు, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. మావారు రవికుమార్ ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరు. మా అమ్మాయి వైష్ణవి అప్పుడు పదో తరగతి. నేను రాయదుర్గంలో ఒక కాల్ సెంటర్‌లో తెలుగు విభాగానికి ట్రైనర్‌ని. కొత్తగా చేరిన పిల్లలకు ఫోన్లో ఎలా మాట్లాడాలో నేర్పుతాను. రోజుకు ఆరు గంటలు మాట్లాడటమే నా పని. కాల్ చివర్లో నియమ నిబంధనలు కస్టమరుకు విసుగు రాకుండా చదివి "ఓకే" అనిపించుకోవడం ఎలాగో కూడా నేనే నేర్పుతాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆసుపత్రిలో వరసగా పరీక్షలు చేశారు. థైరాయిడ్ రక్తపరీక్ష నార్మల్. అల్ట్రాసౌండ్‌లో రెండు వైపులా గడ్డలు. ఎఫ్ఎన్ఏసీ అని గడ్డలోంచి సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో టీవీ పెట్టలేదు. కేన్సర్ కాదని రాగానే మావారు కారులోనే కళ్లు తుడుచుకున్నారు. గండం గడిచిందనుకున్నాం.

సి.టి. స్కాన్ చూశాక సర్జన్ మమ్మల్ని మళ్లీ కూర్చోబెట్టారు. స్క్రీన్ మీద నల్లటి సన్నని గీత ఒకటి చూపించారు. "ఇది మీ గాలిగొట్టం. మధ్యలో ఉండాలి. గడ్డ నెట్టేయడంతో కుడి వైపుకు వెళ్లిపోయింది. ఇక్కడ చూడండి, ఎంత సన్నబడిందో. గడ్డ ఛాతీలోకి కూడా కొంచెం దిగుతోంది. టోటల్ థైరాయిడెక్టమీ చెయ్యాలి, అంటే థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసెయ్యాలి. ఆలస్యం చేసే కొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది."

ఆయన రిస్కులు కూడా చెప్పారు. గొంతుకు వెళ్లే నరం గ్రంథి వెనకాలే ఉంటుందని, దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోవచ్చని, కాల్షియం పడిపోవచ్చని, రక్తస్రావం కావచ్చని. నేను తలూపుతూ ఉన్నాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. "గొంతు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆయన కాగితం ఇస్తే సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశాను. రోజూ ఇతరుల చేత ఓకే అనిపించేదాన్ని, నా వంతు వచ్చేసరికి చదవకుండానే ఓకే అనబోయాను.

"ఇప్పుడే వద్దు" అన్నారు సర్జన్. "ముందు అనస్తీషియా డాక్టరును కలవండి. మీ కేసులో కోయడం కన్నా మత్తు ఇవ్వడమే పెద్ద పని."

తీసిన పెన్ను మళ్లీ సంచిలో పెట్టేశాను.

డాక్టర్ నస్రీన్‌ను మొదటిసారి చూసింది పి.ఎ.సి. అనే గదిలో. అంటే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చేసే పరీక్ష. ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, తెలుగు గలగలా మాట్లాడతారు. నోరు తెరవమన్నారు, నాలుక బయట పెట్టమన్నారు, తల వెనక్కి వంచమన్నారు. తల వంచగానే దగ్గొచ్చింది. ఆవిడ ఏదో రాసుకున్నారు. ఇంతకు ముందు ఆపరేషన్లు అయ్యాయా, ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా, ఏ మందులు వాడుతున్నారు, కదిలే పళ్లు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగారు.

అప్పటిదాకా ఊరుకున్న మావారు గొంతు తగ్గించి అన్నారు. "డాక్టరు గారూ, మీరు చెప్పాల్సినవి ఏవైనా ఉంటే నాతో బయట చెప్పండి. తను అసలే భయస్తురాలు. ఇవన్నీ వింటే ఆపరేషనే వద్దంటుంది."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆయన అలా అడిగినందుకు లోపల కొంచెం హాయిగానే అనిపించింది. నాకు తెలియకుండానే అయిపోతే బాగుండు అనుకున్నాను.

డాక్టర్ నస్రీన్ పెన్ను పక్కన పెట్టారు. "జర కూర్చోండి సర్. ఆపరేషన్ ఎవరికి? మేడమ్‌కి. ఆమెకు తెలవకుండ నేను ఈ మత్తు ఇయ్యలేను. ఎందుకంటే ఆమె నాకు సాయం చెయ్యాలె."

"సాయమా?" అన్నాను.

"అవును. వినండి. మామూలుగా ముందు మత్తు ఇచ్చి, నిద్రపోయాక గొంతులో ట్యూబ్ వేస్తాం. మత్తు ఇస్తే కండరాలన్నీ వదులైతాయి. అప్పుడు మీ శ్వాస మీ చేతిలో ఉండదు, నా చేతిలో ఉంటది. మీ గాలిగొట్టం పక్కకు జరిగింది, సన్నబడింది. మీరు నిద్రపోయాక ట్యూబ్ పోకపోతే నా దగ్గర నిమిషాలే ఉంటయి. అందుకే మీరు మెలకువగా, మీ శ్వాస మీరు తీసుకుంటున్నప్పుడే ట్యూబ్ వేస్త. అది సరిగ్గ పడింది అని చూసుకున్నాకనే నిద్ర."

"మెలకువగా ఉండగానా?" మావారు కుర్చీలోంచి సగం లేచారు.

"నొప్పి తెలవకుండ ముక్కు, గొంతు మొద్దుబారుస్తం. కొంచెం మగతకు మందు ఇస్తం. దగ్గొస్తది, గొంతు పట్టేసినట్టుంటది. భయమైతది. కానీ ఆ రెండు మూడు నిమిషాలు మీరు నా మాట వినాలె."

నేను అడగాలనుకున్న ప్రశ్న నోట్లోంచి దానంతటదే వచ్చింది. "నేను చచ్చిపోతానా డాక్టరు గారూ?"

మావారు "పద్మా!" అన్నారు. ఆవిడ మాత్రం తడుముకోలేదు.

"ఆ ప్రమాదం తక్కువ. సున్నా మాత్రం కాదు. సున్నా అని ఎవరన్నా చెప్తే వాళ్లను నమ్మకండి. ఫికర్ చేయకండి అని కూడా నేను అనను. దేనికి ఫికర్ పడాలె, దేనికి వద్దు, అది తెలవాలె. అంతే."

తర్వాత ఆవిడ చెప్పిన విషయాలన్నీ మళ్లీ నా చేత చెప్పించారు. నాకు అర్థమైన మాటల్లో. తప్పు చెప్పిన చోట సరిదిద్దారు. ఆపైన మావారి వైపు తిరిగారు. "ఇప్పుడు మీరు సర్. ఆపరేషన్ అయ్యాక మొదటి రోజు ముఖ్యం. మెడ లోపల రక్తం ఊరి నిండితే గాలిగొట్టాన్ని నొక్కుతది. ఏం కనిపిస్తే మమ్మల్ని పిలవాలె?"

మావారు ఇబ్బందిగా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మూడు గుర్తులు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. మెడ బిగుసుకుపోయినట్టు అనిపించడం. పడుకోలేక లేచి కూర్చోవాలని ఆరాటపడటం. ఊపిరి కష్టంగా, చప్పుడుతో ఆడటం. మావారు రెండుసార్లు తప్పాక మూడోసారి సరిగ్గా చెప్పారు. బయటికి వచ్చాక "చిన్నపిల్లాడి చేత ఒప్పజెప్పించినట్టు ఒప్పజెప్పించిందావిడ" అని సణిగారు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. వైష్ణవికి ఏం చెప్పాలి? చిన్న ఆపరేషనే అని చెప్దామన్నారు మావారు. అది గదిలోంచి వచ్చి, "నేను ఆల్రెడీ ఫోన్లో చదివేశాను నాన్నా" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏం చదివిందో ఏమో! డాక్టరు నాకు చెప్పిన వరసలోనే దానికి చెప్పాను. చెబుతుంటే నాకే ఇంకొంచెం స్పష్టమైంది.

"గొంతు పోతే?" అంది.

"పోకపోవచ్చు. బొంగురుపోవచ్చు. కొన్నాళ్లకు రావచ్చు, రాకపోవచ్చు."

"అంటే నన్ను తిట్టలేవన్నమాట" అంది. నవ్వబోయి ఏడ్చేసింది. ఆ మూడు గుర్తులు నోట్‌బుక్ కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి నాన్న చొక్కా జేబులో పెట్టింది.

ఆపరేషన్ రోజు నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ముందు రోజు సాయంత్రమే ఆసుపత్రిలో చేరమన్నారు. గది దొరకలేదని తెల్లారి రమ్మన్నారు. రాత్రి నుంచి ఏమీ తినొద్దు, కాఫీ టీలు వద్దు అని రాసిచ్చారు. పొద్దున్నే లేచి అలవాటుగా ఫిల్టర్ కాఫీ కలుపుకుని నిలబడే సగం గ్లాసు తాగేశాను. తాగాక గుర్తొచ్చింది. సగం గ్లాసే కదా అనుకుని మావారికి కూడా చెప్పలేదు.

థియేటర్ బయట పచ్చ గౌను వేసి కూర్చోబెట్టారు. సిస్టర్ వచ్చి "ఏమైనా తిన్నారా, తాగారా?" అని అడిగింది. "లేదు" అన్నాను. అది రాసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత పది నిమిషాలు నాలో ఒకటే తర్జనభర్జన. సెలవు పెట్టాను, పిల్లను పక్కింట్లో వదిలాను, మళ్లీ ఇదంతా మొదటికొస్తుందా అని ఒక పక్క. ఇంకో పక్క డాక్టర్ నస్రీన్ ముఖం. ఆవిడ వచ్చి అదే ప్రశ్న మళ్లీ అడగగానే చెప్పేశాను.

"పాలు పోసిన కాఫీయా? ఎన్ని గంటలకు?" అన్నారు. చెప్పాను. ఆవిడ నా పక్కన కూర్చున్నారు. "ఇయ్యాల చెయ్యను. మీ గొంతు మొద్దుబార్చి పని చెయ్యాలె నేను. అప్పుడు కడుపులోది పైకొచ్చిందనుకోండి, దగ్గి ఆపుకునే శక్తి మీకుండదు. ఊపిరితిత్తుల్లోకి పోతది." నేను తల దించుకున్నాను. "చెప్పిన్రు కదా, అదే మంచిగైంది" అని భుజం తట్టి లేచారు.

మావారు కారు తీశారు. మూసాపేట దాటాక ఒక్క మాట అన్నారు. "నాకెందుకు చెప్పలేదు?"

రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి ముందు రోజే చేరాను. పొద్దున థియేటర్లో నన్ను ఒరిగి కూర్చునేలా పెట్టారు. ముక్కులో చుక్కలు వేశారు, మాస్కు పెట్టి మందు పీల్పించారు, గొంతులో చేదుగా ఏదో స్ప్రే చేశారు. కొంచెంసేపటికి గుటక వేస్తున్నానో లేదో తెలియలేదు. గొంతే లేనట్టు. అప్పుడు భయం పట్టుకుంది. చేతులతో మంచం అంచు పట్టుకున్నాను.

"పద్మజా, నన్ను చూడండి" అన్నారు డాక్టర్ నస్రీన్. "ఇప్పుడు కెమెరా ముక్కులోంచి పోతది. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పెద్ద శ్వాస. బాగానే ఉంటే బొటనవేలు ఎత్తండి."

సన్నని నల్లటి తీగ లోపలికి వెళ్లింది. దగ్గొచ్చింది. కళ్లలో నీళ్లు కారాయి. "శభాష్. ఇంకో పెద్ద శ్వాస. గాలిగొట్టం కనపడుతోంది. ఇంకొకటి." బొటనవేలు ఎత్తాను. ఒక్క క్షణం లోపల ఏదో నిండిపోయి గాలే లేదనిపించింది. లాగేద్దామని చెయ్యి లేచింది కూడా. కానీ ఇది జరుగుతుందని ముందే తెలుసు. ఎంతసేపు ఉంటుందో తెలుసు. ఆ తెలియడం వల్లే చెయ్యి దించగలిగాను. "పడింది. ఇగ నిద్రపోండి" అన్న మాట విన్నాను. అంతే.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం. మెడకు కట్టు, పక్కన సన్నని గొట్టం, దాని చివర డబ్బాలో కొంచెం రక్తం. ట్యూబ్ తీసేశారు. మాట్లాడబోతే గాలి తప్ప శబ్దం రాలేదు. సర్జన్ వచ్చి నరం కనిపించిందని, కాపాడామని, వాపు వల్ల గొంతు కొన్నాళ్లు ఇలాగే ఉండొచ్చని చెప్పారు. గదికి మార్చారు. మావారు వైష్ణవికి ఫోన్ చేసి "అమ్మ బాగుంది" అన్నారు. అందరం గట్టెక్కామనే అనుకున్నాం.

సాయంత్రం టీ బండి వచ్చి వెళ్లింది. ఆ తర్వాత కట్టు బిగుతుగా ఉన్నట్టు తోచింది. చెయ్యి పెట్టి వదులు చెయ్యబోయాను. కట్టు వదులుగానే ఉంది. దిండు మీద తల ఆనించలేకపోయాను. లేచి కూర్చున్నాను. మళ్లీ వాలాను. మళ్లీ లేచాను. మావారు ఫోన్లోంచి తలెత్తి "నొప్పిగా ఉందా?" అన్నారు. చెప్పబోతే మాట రాలేదు. మెడ చూపించి, వేళ్లు పిడికిలిలా బిగించి చూపించాను.

ఆయన బజర్ నొక్కారు. చిన్న వయసు సిస్టర్ వచ్చి మెడ చూసింది, డబ్బా చూసింది. "డ్రెయిన్‌లో ఎక్కువేం రాలేదు సర్. ట్యూబ్ వేస్తే గొంతు ఇలాగే ఉంటుంది, అందరికీ ఉంటుంది. నొప్పికి ఇంజక్షన్ ఇస్తాను" అంది. మంచిగానే చెప్పింది పాపం.

మామూలుగా మావారు ఎవరినీ ఎదిరించి మాట్లాడే మనిషి కాదు. హోటల్లో చల్లారిన ఇడ్లీ పెట్టినా తినేసి వస్తారు. ఆ రోజు జేబులోంచి వైష్ణవి రాసిన కాగితం తీశారు. "చూడమ్మా. మెడ బిగుస్తోందంటోంది. పడుకోలేకపోతోంది. ఊపిరి చప్పుడు నువ్వే విను. మూడూ ఉన్నాయి. ఇంజక్షన్ వద్దు. నస్రీన్ గారిని పిలవండి. సర్జన్‌ని పిలవండి. ఇప్పుడే."

గది తుడుస్తున్న ఆయా, యాదమ్మ అని పెద్దామె, చీపురు గోడకానించి నా దగ్గరికొచ్చింది. "ఏందమ్మా గట్ల గుంజుతున్నవ్ గాలి? సిస్టరమ్మా, సారు అబద్ధమాడుతలేడు. జల్ది ఫోన్ కొట్టు" అంది.

సిస్టర్ నా ముఖంలోకి ఇంకోసారి చూసింది. తన ముఖం మారిపోయింది. పరుగెత్తింది.

ఆ తర్వాత అంతా ముక్కలు ముక్కలుగా గుర్తుంది. గదినిండా మనుషులు. ఆక్సిజన్ మాస్కు. ఎవరో "హెమటోమా" అన్నారు, మెడ లోపల రక్తం నిండిందని. నా చుట్టూ గాలి ఉంది, నాలోకి మాత్రం రావడం లేదు. సర్జన్ మంచం దగ్గరే కుట్లు విప్పేశారు. వెచ్చగా ఏదో ఛాతీ మీదికి కారింది. దాంతోపాటు సన్నని ధారలా గాలి లోపలికి వచ్చింది. జీవితంలో అంత తియ్యటి గాలి నేను పీల్చలేదు. స్ట్రెచర్ తోస్తూ డాక్టర్ నస్రీన్ నా చెవి దగ్గర, "నేనున్న. మీ గాలిగొట్టం నాకిప్పుడు తెలుసు" అన్నారు. మావారి చెయ్యి లిఫ్టు దగ్గర వదిలిపోయింది.

రక్తం కారుతున్న చిన్న నాళాన్ని కట్టేసి మళ్లీ కుట్లు వేశారు. ఆ రాత్రి ఐ.సి.యు.లో ట్యూబ్‌తోనే ఉంచారు. మర్నాడు తీశారు. "కట్టిన నాళం దగ్గర ఒక్కోసారి మళ్లీ కారుతుంది. ముందే చెప్పిన రిస్కే. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం..." అని సర్జన్ ఆపేశారు.

మూడో రోజు పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టయింది. ఇదీ ముందే చెప్పిందే కాబట్టి భయపడకుండా చెప్పాను. కాల్షియం తగ్గిందని సెలైన్‌లో ఎక్కించారు. వారానికి ఇంటికొచ్చాను.

గొంతు మాత్రం రాలేదు. ఈ.ఎన్.టి. డాక్టరు కెమెరాతో చూసి ఎడమ వైపు స్వరతంత్రి సరిగ్గా కదలడం లేదన్నారు. నీళ్లు తాగితే పొలమారేది. ఇంట్లో గంట వాయించి పిలిచేదాన్ని. నాలుగు నెలలు స్పీచ్ థెరపీ. "ఆ" అని పది లెక్కపెట్టేదాకా అనలేక పక్కగదిలోకి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. ఆఫీసులో నా స్థానంలో వేరే అమ్మాయిని పెట్టారు. తప్పు పట్టలేను, క్లాసులు ఆగవు కదా! నన్ను రికార్డయిన కాల్స్ విని మార్కులు వేసే విభాగానికి మార్చారు.

ఇప్పుడు ఏడాది దాటింది. స్వరతంత్రి చాలావరకు కదులుతోంది. గొంతు వచ్చింది కానీ పాతది కాదు. కింది స్థాయిలో కొంచెం గరగరలాడుతుంది. గట్టిగా అరవలేను, పాట పైకి ఎత్తలేను. రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర, జీవితాంతం. ఒక్క దిండు మీద పడుకుంటున్నాను. గురక లేదని మావారికే నిద్ర పట్టడం లేదట. పోయిన నెల నుంచి వారానికి రెండు క్లాసులు మళ్లీ చెప్తున్నాను. నిబంధనలు చదివే పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఇదివరకు చెప్పనిది ఒకటి చెప్తున్నాను. అవతలి మనిషి "ఓకే" అన్నాక ఆగి, "మీకేం అర్థమైందో ఒకసారి చెప్తారా?" అని అడగమంటున్నాను. కాల్ సమయం పెరుగుతోందని మా మేనేజర్ గొణుగుతున్నాడు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే నేను చెప్పగలిగేది ఒక్కటే. సంతకం పెట్టే ముందు డాక్టరును ఇలా అడగండి. "ఆపరేషన్ అయ్యాక ఏం కనిపిస్తే ఆగకుండా పిలవాలి? ఎవరిని పిలవాలి?" వాళ్లు చెప్పింది మీకు వచ్చిన భాషలో రాసుకోండి. మీరొక్కరే నేర్చుకుంటే చాలదు. మీ మంచం పక్కన కూర్చునే మనిషి చేత డాక్టరు ఎదుటే పైకి చెప్పించండి, తప్పులు పోయేదాకా. సిగ్గుపడినా, విసుక్కున్నా సరే. ఎందుకంటే ఆ సమయానికి చెప్పడానికి మీకు మాట ఉండకపోవచ్చు. నాకు లేదు.